చివరి అరగంట

“ఇంకో అరగంట సినిమా మిగిలిపోయింది,” అంది ఆమె స్ట్రెచర్ మీద పడుకునే. “ఆ పిల్ల బతుకుతుందో లేదో తెలియకుండా లోపలికి ఎలా పోనండీ?”

“ఇప్పుడు సినిమా గొడవేంటే! నీకు చేసేది గుండె ఆపరేషన్!” అన్నాడు భర్త. బస్సుల మెకానిక్ అతను. ఎంత కడిగినా గ్రీజు వదలని వేళ్లతో స్ట్రెచర్ కడ్డీని వదలకుండా పట్టుకున్నాడు.

“అందుకే అడుగుతున్నా. ఆ మిగతాది మీరు చూసిపెట్టండి, లేచాక చెబుదురుగాని. సినిమా నాన్న ఫోన్లో ఉంది. ఆయనకి నొక్కడం సరిగా రాదు, మీరు దగ్గరుండి పెట్టండి.”

భర్త ఓరగా అటు చూశాడు. అవతల బెంచీ మీద కూర్చున్నాడు ఆమె తండ్రి. ఊళ్లో సగం బస్సులు ఆయనవే. తన షెడ్డులో స్పానర్ తిప్పేవాణ్ణి కూతురు పెళ్లాడిన రోజునుంచీ అల్లుడితో మాటల్లేవు. ఇవాళ కూడా కూతురి కోసమే వచ్చాడు.

ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాయి. మెకానిక్ వెళ్లి బెంచీకి ఈ చివర కూర్చున్నాడు. పెద్దాయన ఫోను తీసి మధ్యలో పెట్టి, ఎదురుగోడతో అన్నాడు:

“అమ్మాయి చూడమంది. చూసేవాళ్లు చూడొచ్చు.”

చూశారు. సినిమాలో పిల్ల కోటీశ్వరుడి కూతురు. ప్రేమించినవాడు దర్జీ. తండ్రి ససేమిరా అంటాడు. ఈలోగా పిల్లకి జబ్బు ముదురుతుంది. చివరికి దర్జీ ఒళ్లోనే కన్నుమూస్తుంది.

మెకానిక్ ఫోను బోర్లా తిప్పి పెట్టాడు.

“దరిద్రపు సినిమా!” అన్నాడు పెద్దాయన. “ఇది చెబుతావా దానికి?”

“చెప్పను సార్. బతికిందంటాను.”

“ఊరికే బతికిందంటే నమ్ముతుందా? లాయరులా గుచ్చి గుచ్చి అడుగుతుంది. దాన్ని పుట్టినప్పటినుంచీ చూస్తున్నా.”

“పెళ్లయినప్పటినుంచీ నేనూ చూస్తున్నానండి.”

పెద్దాయన మూతి ముడిచాడు. ముడిచాడు గానీ, కాస్త ఇటు జరిగాడు.

“మంచి డాక్టరు దొరికాడని చెప్పు. ఆపరేషన్ చేశారు, బతికింది.”

“మరి తండ్రి సంగతి? పెళ్లికి ఒప్పుకున్నాడని చెప్పనా?”

“అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుంటాడయ్యా! వాడికి పౌరుషం లేదూ?”

“కూతురు లోపల అలా పడుంటే కూడా పౌరుషమేనా అండీ?”

పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

“ఒప్పుకున్నాడనే చెప్పు. దర్జీ మంచివాడని తండ్రికి మొదట్నుంచీ తెలుసు. అనడానికి నోరు రాలేదంతే. అలా చెప్పు.”

మెకానిక్ ఇక ఆగలేక భోరుమన్నాడు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. “ఊరుకో అల్లుడూ. దానికేం కాదు.”

డాక్టరు బయటికొచ్చి, “అంతా బాగా జరిగింది, ఇక భయం లేదు,” అన్నాక గానీ ఇద్దరికీ ప్రాణం లేచిరాలేదు.

మర్నాడు ఆమెకి తెలివొచ్చింది. మొదటి మాటే, “ఏమైంది సినిమా?”

“బతికింది!” అన్నారు మామా అల్లుళ్లు ఒక్కసారే. ఒకరి నోట్లోంచి ఒకరు మాట లాక్కుంటూ కథంతా చెప్పారు. “తండ్రి ఆ దర్జీకి పెద్ద షాపు కూడా పెట్టించాడమ్మా!” అంటూ పెద్దాయన ఉత్సాహం పట్టలేక ఇంకో ముక్క అతికించాడు.

“అది మనం అనుకోలేదు కదా మామయ్యగారూ!” అనేసి మెకానిక్ నాలిక కరుచుకున్నాడు. “అంటే... నేను గమనించలేదు.”

“ఏడుపులో నీకేం కనబడుతుంది? పద, నిన్నటినుంచీ పచ్చి మంచినీళ్లైనా ముట్టలేదు,” అంటూ పెద్దాయన అల్లుణ్ణి రెక్క పట్టుకుని కిందికి తీసుకెళ్లాడు.

సెలైన్ సరిచేస్తున్న నర్సు వాళ్లనే చూస్తూ మురిసిపోయింది. “ఎంత కలివిడిగా ఉన్నారమ్మా! ఆ సినిమా పేరేంటో చెప్పండి, నేనూ చూస్తాను. చివర్లో అందరూ సుఖంగా ఉంటే నాకెంత ఇష్టమో.”

ఆమె నవ్వబోయింది. కుట్లు లాగడంతో పెదవులు బిగించి, గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

“చూడకండి సిస్టర్, చివర్లో ఆ పిల్ల చచ్చిపోతుంది.”