ఎఫీ చదివిన నవలలు

"నవలలు రాసేవాళ్ల గొప్పతనమంతా ఒక్కచోటే ఉందమ్మా. మనిషిని ఎంత గాలివానలోకి తోసినా, చివరికి ఇంటికి చేరుస్తారు," అన్నాడు లాక్లిన్, పుస్తకాల వ్యాన్ మెట్టు మీద నిలబడి. "అలాంటిదే ఇంకోటి ఉంటే చెప్పండి."

వ్యాన్ రెండు వారాలకోసారి, గురువారం, చర్చి పక్కన ఆగుతుంది. ఎప్పుడూ అతని భార్య ఎఫీయే వచ్చి పుస్తకం మార్చుకెళుతుంది. ఇవాళ ఆమెకి జ్వరం. అందుకని లాక్లినే కర్రతో దారి తడుముకుంటూ వచ్చాడు. పదహారేళ్ల కిందట బొగ్గు గనిలో బండలు పగలగొట్టే మందు పేలి రెండు కళ్లూ పోయాయి గానీ, కేప్ బ్రెటన్ దీవిలోని ఆ ఊరి గుంటలన్నీ అతని కాళ్లకి తెలుసు.

వ్యాన్‌లో పుస్తకాలిచ్చే జెస్సీ సంబరపడిపోయింది.

"మీరేనా లాక్లిన్ గారు! మీ ఆవిడ ఊరికే పుస్తకం పట్టుకెళ్లదండీ. కథేమిటో నా చేత సగం చెప్పించుకుంటుంది. మిగతా సగం చెప్పేస్తే మజా పోతుందని నేనే ఆపేస్తాను."

"దానికి ఏది పడితే అది నచ్చదు," అన్నాడు గర్వంగా.

ఎఫీ నోట విన్న నవలల మీద లాక్లిన్‌కీ అభిప్రాయాలకి కొదవ లేదు. కో-ఆప్ దుకాణంలో పొయ్యి చుట్టూ చేరే పాత గనివాళ్లకి వారం వారం వినిపిస్తాడు. పడవల కథలంటే ప్రాణం. లాయర్ల కథలు గిట్టవు, నోరు మూయరని. ప్రేమకథలు ముసలివాళ్లవైతే ఫర్వాలేదు.

"ఆ లైట్‌హౌస్ నవల ఎలా ఉందండీ?" అడిగింది జెస్సీ.

"అన్నిట్లోకీ అదే గొప్పదమ్మా! ఆ పిల్ల ఐలీ, తండ్రి కోసం తుపానులో పడవేసుకుని పోయి దారి తప్పుతుందే, పొగమంచులో వాళ్ల ఆవు అరుపు వినిపిస్తుంది చూడండి. ఆ అరుపు పట్టుకుని ఒడ్డుకొస్తుంది. ఆవు అరుపు! ఎంత బుర్ర ఉంటే తడుతుందండీ ఆ ఊహ?"

జెస్సీ సర్దుతున్న పుస్తకాలు పక్కన పెట్టేసింది.

"ఏమ్మా?"

"ఆవు లేదండీ అందులో. ఐలీ తిరిగి రాదు."

"మీరు వేరే పుస్తకం అనుకుంటున్నారు."

జెస్సీ అరలోంచి పుస్తకం తీసింది. చివరి పేజీ చదివింది. ఖాళీ పడవ ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. తండ్రి పైకెక్కి దీపం వెలిగించాడు. అంతే.

లాక్లిన్ కర్ర మార్చి పట్టుకున్నాడు. "మరి... ఆ రొట్టెల దుకాణం పెట్టిన వితంతువు?"

"దుకాణం తగలబడిపోతుందండీ."

"ఆస్తి కోసం కొట్టుకున్న అన్నదమ్ములు? ఓడ మీద కలుసుకుంటారు కదా?"

"లేదండీ," అంది జెస్సీ మెల్లగా. "చచ్చేదాకా మాట్లాడుకోరు."

లైట్‌హౌస్ నవలనే మళ్లీ తీసుకున్నాడు.

ఇంటిదారిలో రెండుసార్లు తూలాడు. తను కథ చెబుతుంటే కో-ఆప్‌లో వినిపించే దగ్గులకి అర్థం ఇప్పుడు తెలిసింది. గని గుమాస్తాగా చేసిన డంకన్ పుస్తకాల పురుగు. తను ఆవు సంగతి చెప్పినరోజు గొంతు సవరించుకుని, "అలాగా లాకీ" అని ఊరుకున్నాడు. జాలిపడ్డాడన్నమాట.

అంతకంటే లోతుగా దిగిన ముల్లు ఇంకోటి ఉంది. పేలుడు తర్వాత మూడు వారాలు ఆస్పత్రిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకరోజు అక్కడ పనిచేసే అమ్మాయి అడుగుల చప్పుడు విని, పక్క మంచం మీద ఎవరో వదిలేసిన నవల చదివి పెడతావా అని అడిగాడు. ఆమె కాసేపు తటపటాయించి కుర్చీ లాక్కుంది. ఆ గొంతునే పెళ్లాడాడు. అప్పట్నించి ఆమె నీలమంటే నీలం, వానంటే వాన. ఉత్తరమొస్తే పోస్టాఫీసులోనే విప్పించి, విషయమంతా నోటికి పట్టి తెచ్చేది. పుస్తకాలే మార్చిన మనిషి ఇంకేం మార్చలేదని నమ్మకమేమిటి?

ఎఫీ స్టవ్ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"వచ్చావా? టీ పెట్టాను."

"ఐలీ చచ్చిపోయిందట," అన్నాడు.

ఎఫీ కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

"రొట్టెలావిడ దుకాణం తగలబడిందట. అన్నదమ్ములు కలవలేదట. కళ్లు పోయినోడు, కష్టం వింటే తట్టుకోలేడు అనుకున్నావా? చంటిపిల్లాడికి ఉగ్గు కలిపినట్టు కథలు కలిపి పోశావా నాకు?"

"కూర్చో లాకీ. కోపం తగ్గాక..."

"తగ్గదు. నలుగురిలో నన్ను వెర్రివాణ్ణి చేశావు. అది పోనీ. నువ్వు చెప్పిందే లోకమని బతికానే! పదహారేళ్లు, ఎఫీ!"

"నీకు ద్రోహం చెయ్యాలని కాదయ్యా."

"మరి దీన్నేమంటారు?" కోటులోంచి పుస్తకం తీసి ఆమె ఒళ్లో పడేశాడు. "చివరి పేజీ తియ్. ఉన్నదున్నట్టు చదువు. ఒక్క మాట మార్చినా సరే, ఈ జన్మలో నీ నోట ఇంకో కథ వినను."

పేజీలు కదిలాయి. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి. కెటిల్‌లో నీళ్లు పొంగి స్టవ్ మీద చుయ్యిమన్నాయి.

"చదవ్వేం?" అరిచాడు లాక్లిన్. "నిజం చదవడానికి నోరు రావట్లేదా?"

"నాకు అక్షరమ్ముక్క రాదు లాకీ," అంది ఎఫీ.