పుంగనూరు ఎర్ర కారు

బ్యాటరీ బిగించి తాళం తిప్పగానే డాష్‌బోర్డు కింద నుంచి పొగ లేచింది.

జయచంద్ర ఒక్క గెంతులో వైరు పీకేశాడు. ఇది మూడోసారి.

అది మామూలు కారు కాదు. దొరల కాలంలో కోలారు గనులకు దిగిన రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. అయిదారు చేతులు మారి, ఈమధ్యే కుప్పం గోపాలస్వామి చేతికొచ్చింది. ఆయన దాన్ని మదనపల్లె సీటీఎం రోడ్డులో జయచంద్ర షెడ్డుకు తోలించి, ఎక్కడో సంపాదించిన దాని రిపేరు పుస్తకం కూడా ఇచ్చాడు.

"ఉగాదికి నడవల్లప్పా. లేదంటే బెంగుళూరికి పంపించేస్తా."

పుస్తకంలో ఉన్నది బండిలో లేదు. బండిలో ఉన్నది పుస్తకంలో లేదు. కొన్నవాడల్లా దాని కడుపులో వేలు పెట్టినట్టున్నాడు. నాలుగు నెలలుగా జయచంద్ర కారు కింద నుంచి లేవలేదు. విప్పేది తప్ప బిగించేది రాదని పక్క షెడ్ల వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఈ బండి బెంగుళూరు లారీ ఎక్కిందంటే ఇక షెడ్డుకు తాళమేసుకోవడమే.

"ఇది పుంగనూరు బండే గదప్పా?"

తలెత్తాడు. అరవై దాటిన ఆవిడ, చేతిలో వైరు సంచి.

"పాత ఇనుము లేదుమ్మా. ముందుకు పో."

ఆమె పోలేదు.

"బ్యాటరీ తిప్పి ఇయ్యి."

"పుస్తకంలో ఇట్లనే ఉండాది."

"పుస్తకం దొరల సీమలో రాసిండేది. ఈ బండిని పుంగనూరులో మార్చినారు. ప్లస్సు బాడీకి ఇయ్యద్దు, మైనస్సు ఇయ్యి."

ఈమె మాట తప్పని చూపించి పంపేద్దామని జయచంద్ర విసురుగా తిప్పి బిగించాడు.

పొగ రాలేదు. దీపాలు వెలిగాయి. సెల్ఫు కొట్టగానే ఇంజను అందుకుంది.

నిమిషానికే ఆగిపోయింది.

"సీటు కింద చెయ్యి పెట్టు. మోటారుసైకిలు పెట్రోలు ట్యాపు ఉంటుంది. దొంగలు ఎత్తుకపోకుండా ఆడ పెట్టిండేది."

ట్యాపు ఉంది. తిప్పాడు. ఈసారి ఇంజను ఆగలేదు. కానీ వేడి చూపే ముల్లు ఉన్నపాటున ఎర్రగీత దాటింది. జయచంద్ర తాళం మీద చెయ్యి వేశాడు.

"ఆపద్దు. ఆ ముల్లు ఇంకో బండిది. ఎప్పుడూ అబద్ధమే చెప్తుంది. రేడియేటరు మీద చెయ్యి పెట్టి సూడు."

రేడియేటరు గోరువెచ్చగా ఉంది.

అంతవరకూ నిలబడే ఉన్న ఆమెకు అప్పుడు స్టూలు వేశాడు. టీ తెప్పించాడు. పాత ఇనుము అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

"నేను తిప్పలు పడతాండేది నీకు ఎట్ల తెలిసెమ్మా?"

"మీ ఊరి డ్రైవర్లు పుంగనూరు బస్టాండులో చెప్పుకొని నవ్వతా ఉండిరి. ఆ బండి పదేండ్లు మా ఇంటి కాడ ఉండె. తెలిసీ చెప్పకపోతే నీకు నగుబాటు గదా అని బస్సెక్కినా. నన్ను పాపక్క అంటారు."

"ఇన్ని మార్పులు చేసిన మెకానిక్కు ఎవురమ్మా?"

పాపక్క టీ గ్లాసులోకి చూసి నవ్వింది.

"పేరు చెప్పుమ్మా. పొయ్యి దండం పెట్టుకొని వస్తా."

ఆమె కొంగు సర్దుకుంది. పేరు చెప్పలేదు.

జయచంద్రకు విషయం తెలిసిపోయింది. ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. వాళ్ళమ్మ రేషను కొట్లో కూడా నాన్న పేరు పక్కింటామెతో చెప్పించేది.

"అర్థమైందిలేమ్మా. మీ ఇంటాయనే గదా. నువ్వు చెప్పద్దులే."

పాపక్క అతని మొహంలోకి కాసేపు చూసింది.

"అర్థమైందా? సరేలేప్పా."

"ఆయన చేతులు బంగారమని చెప్పు. ఒగ దినం వస్తా."

"రాప్పా. ఇంట్లోనే ఉంటాడు."

ఉగాదినాడు కారు కుప్పం దాకా ఎక్కడా ఆగకుండా పరుగెత్తింది. పక్క షెడ్ల నోళ్ళు మూతపడ్డాయి. గోపాలస్వామి పదిమందికీ చెప్పడంతో, ఎవరూ ముట్టని పాత బండ్లన్నీ జయచంద్ర షెడ్డు ముందు వరుస కట్టాయి. పుంగనూరు పోవాలని రోజూ అనుకునేవాడు. ఈ పని కానీ, ఆ పని కానీ అంటూ మూడు నెలలు గడిచాయి.

చివరికి ఒక ఆదివారం శాలువా, పండ్లు తీసుకుని బయల్దేరాడు.

వీధి అరుగు మీద ఒక పెద్దాయన కుట్టుమిషను తొక్కుతున్నాడు. పాపక్క ఇంటాయన ఆయనే, పేరు ఎల్లప్ప అని పక్కింటివాళ్ళు చెప్పారు.

"పాపక్క ఉండాదా సామీ?"

మిషను ఆగింది.

"పోయిన నెల పోయిందప్పా. నిద్రలోనే."

జయచంద్ర పండ్ల సంచి అరుగు మీద పెట్టాడు. రెండు నెలల ముందే తెమలలేకపోయానే అని తనను తాను తిట్టుకున్నాడు. ఆమెకు ఎలాగూ చెప్పుకోలేడు, ఈయనకైనా చెప్పుకోవాలి. శాలువా కప్పి, ఎల్లప్ప కాళ్ళు పట్టుకున్నాడు.

"మదనపల్లె నుంచి వస్తాండా సామీ. ఎర్ర కారు మెకానిక్కుని. నీ పనితనం, ఆయమ్మ మాట లేకుంటే ఈ పొద్దు నాకు షెడ్డు లేదు."

ఎల్లప్ప శాలువా మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వేనా అది? ఆ దినం బస్సు దిగొచ్చి నవ్విందే నవ్వింది. మదనపల్లెలో నాకు పెద్ద పేరొచ్చిందంట."

"వచ్చింది సామీ."

"కోలారులో ఇనుము కింద అమ్మేస్తాంటే మోజుపడి తెచ్చింది మాత్రం నేనే. మా మామ ఆ గనుల్లో మెకానిక్కు. కూతురికి పని నేర్పిచ్చినాడు."

ఎల్లప్ప శాలువా అంచు నిమిరాడు.

"బండి కింద పండుకొని మార్చిందంతా మా ఇంటిదేనప్పా, నేను పక్కన లైటు పట్టుకొని కూసుంటా ఉంటి."