చావని కణం

చల్లదనమే సమస్త జ్ఞానానికీ జనని. అందుకే డాక్టర్ ప్రేమ్‌చంద్ గారు తమ కంప్యూటర్‌ను గుంటూరు శివార్లలో, మిరపకాయల కోల్డ్ స్టోరేజీని ఆనుకున్న గదిలో ప్రతిష్ఠించారు. అందులో ఒక క్యాన్సర్ కణం నమూనాను నిర్మించి, ఆ కణంలోని సంకేతాల అల్లికనంతా తెర మీద దీపాలుగా వెలిగించారు. తమ మందుకు ఆ దీపాలు ఆరిపోతాయని తెల్లవారేసరికి కంపెనీ పెద్దలకు చూపాలి. చూపలేకపోతే పరిశోధన మూసేస్తారు.

దీపాలు ఆరలేదు. నమూనాలో నెల రోజుల కాలం నడిపారు, ఆ తరువాత వందేళ్లు నడిపారు. కణం వెలుగుతూనే ఉంది.

అర్ధరాత్రి దాటాక గోడ అవతల కంప్రెసర్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, తాము ఊపిరి పీల్చినప్పుడల్లా దీపాలు ఒక్కసారి మినుకుమంటున్నట్టు ఆయనకు తోచింది. ఊపిరి బిగబట్టారు. దీపాలూ నిశ్చలమయ్యాయి.

మృత్యుంజయుణ్ణి సృష్టించానన్న వినయంతో ఆయన కళ్లు చెమర్చాయి. అందులో మిరప ఘాటు వాటా కొంత.

"కోటిలింగం, ఇది చావదయ్యా," అన్నారు.

ఒకప్పుడు మిరప వేసి, ఇప్పుడు అక్కడ కాపలా ఉంటున్న కోటిలింగం టార్చి ఆర్పి గుమ్మంలో నిలబడ్డాడు.

"మందు పోశారా సార్?"

"ఏమన్నావు?"

"చేలో తామర పురుగు చావకపోతే, ట్యాంకులో మందు పోశామా లేదా అని ముందు చూసుకుంటామండి. మా బావ ఓసారి మూడెకరాలకీ ఉత్త నీళ్లు కొట్టొచ్చాడు."

ఆ అజ్ఞానం మీద జాలితో నవ్వి, డాక్టరు గారు నమూనాకు ఇచ్చిన వివరాల మొదటి పేజీని తెర మీద తెరిచి చూపించారు.

మందు మోతాదు గడిలో సున్నా ఉంది.