నాలుగో పేజీ

"నాలుగో పేజీ తీసెయ్యమ్మా. మిగతావన్నీ బంగారంలా ఉన్నాయి. ఇవాళే పాస్ చేసి పంపిస్తాం," అన్నాడు మిస్టర్ గార్‌సైడ్.

"తియ్యను సార్," అంది జానీన్ ఓల్డ్‌రాయిడ్.

లీడ్స్ స్టేషన్ పక్క హోటల్లో, రెండో అంతస్తు గదిలో, ఇంజనీరింగ్ టెక్నీషియన్‌గా రిజిస్టర్ కావడానికి ఆమెకు ఇంటర్వ్యూ జరుగుతోంది. బల్లకు అవతల ఇద్దరు పరీక్షకులు. రైల్వేలో రిటైరైన గార్‌సైడ్, నీటి సరఫరా శాఖలో పనిచేసే మిసెస్ పెటిగ్రూ. ఇవతల, పందొమ్మిదేళ్లుగా బిస్కెట్ ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేస్తున్న జానీన్. పాసైతే పేరు పక్కన అక్షరాలొస్తాయి, వేరే చోట మంచి ఉద్యోగమొస్తుంది. కాకపోతే సోమవారం పొద్దున మళ్లీ ఆ ఫోర్‌మన్ బారీ హెప్‌వర్త్ మొహమే చూడాలి.

"నీ మంచికే చెబుతున్నా," గార్‌సైడ్ టీ కప్పు పక్కకి జరిపాడు. "ఈ దరఖాస్తులో నువ్వు చేసిన పని రాయాలి. నువ్వేమో మీ ఫోర్‌మన్ మీద చాడీలు రాశావు."

"చాడీలు కాదు. ప్రమాదం కనబడితే ఏం చేశావో రాయమని మీ ఫారంలోనే అడిగారు. రాశాను."

"సరే, నోటితో చెప్పండి," అంది మిసెస్ పెటిగ్రూ.

జానీన్ గొంతు పెంచకుండా చెప్పింది. "రోజూ పొద్దున ప్రతి మెషీన్‌కీ నేనొక షీటు రాస్తాను మేడమ్. దాని మీద ఫోర్‌మన్ సంతకం పెట్టాకే మెషీన్ నడపాలి. పిండి వత్తే రోలర్లకి చేతులు పడకుండా గార్డు మూత ఉంటుంది. అది తెరవగానే రోలర్లు ఆగాలి. రెండేళ్ల కిందట ఒక రోజు తెరిచినా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఆపే స్విచ్ పాడైంది, నడపొద్దు అని షీటులో రాసి బారీ బల్ల మీద పెట్టి, కొత్త స్విచ్ కోసం స్టోర్సుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మెషీన్ నడుస్తోంది. షీటు దానికే వేలాడుతోంది, బారీ సంతకంతో. దాని మీద పనిచేసే క్లిఫ్ కుడిచేతి వేళ్లు మూడు రోలర్ల కింద పోయాయి."

"విచారణ జరగలేదా?" అంది మిసెస్ పెటిగ్రూ.

"ఎందుకు జరగలేదు? సాయంత్రానికి షీటు మాయం. అలాంటిదేదీ తన దగ్గరికి రాలేదన్నాడు బారీ. తప్పంతా క్లిఫ్‌దేనని తేల్చి ఉద్యోగం పీకారు. ఇప్పుడు వాడి చొక్కా గుండీలు వాళ్లావిడ పెడుతోంది."

కాగితం లేదన్న ఒక్క మాటతో బారీ బయటపడ్డాడు. అలాంటివాణ్ణి కాగితంతోనే కొట్టాలని ఆ రోజే అనుకుంది జానీన్. రెండేళ్లు పళ్లు నూరుకుంటూనే పొద్దున్నే వాడికి నమస్కారం చెప్పింది, టీ కలిపి ఇచ్చింది. రిజిస్ట్రేషన్‌కి రాస్తున్నానంటే, "పేరు పక్కన అక్షరాలు అతికిస్తే నట్టు తొందరగా బిగుస్తుందేంటి పిల్లా?" అని వాడు వెక్కిరిస్తే, వాడితో పాటు తనూ నవ్వింది.

"అయితే రిజిస్ట్రేషన్ కోసం కాదు, పగ తీర్చుకోడానికి వచ్చావన్నమాట," అన్నాడు గార్‌సైడ్.

"రెండిటికీ వచ్చాను సార్. మీరిద్దరూ రిజిస్టరైన వాళ్లు. ప్రమాదం సంగతి తెలిస్తే పైవాళ్లకి చెప్పి తీరతామని మాటిచ్చినవాళ్లు. నేను చెబితే మా ఫ్యాక్టరీలో చెత్తబుట్టలోకి పోతుంది. మీరు చెబితే పోదు."

గార్‌సైడ్‌కి చిరాకేసింది. "రుజువు లేకుండా మేమేం చెబుతాం? రేపు వాడు మా మీదే దావా వేస్తే? చివరిసారి అడుగుతున్నా. ఆ పేజీ ఉంచితే నిన్ను ఫెయిల్ చెయ్యక తప్పదు. తీస్తావా?"

"తియ్యను."

మిసెస్ పెటిగ్రూ కాగితాలు తిరగేస్తూ అడిగింది. "మాకు పోస్టులో వచ్చింది సంతకాల్లేని నకలే. పేజీ పేజీకీ ఇది నిజమేనని పై అధికారి సంతకం ఉండాలి కదా. అసలు కాగితాలేవి? ఎవరు పెట్టారు సంతకాలు?"

"ఇంకెవరు మేడమ్, బారీయే. నా పై అధికారి ఆయనొక్కడే."

గార్‌సైడ్ ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య, ఇంకేం. ఈ పేజీ మీద వాడు చచ్చినా సంతకం పెట్టడు. సంతకం లేని పేజీ ఎలాగూ చెల్లదు. గొడవ వదిలిపోయింది."

జానీన్ సంచిలోంచి అసలు కాగితాలు తీసి బల్ల మీద ఆయన వైపు తోసింది.

నాలుగో పేజీ అడుగున, 'పైన రాసినదంతా చదివాను, నాకు స్వయంగా తెలిసినంతవరకు నిజం' అన్న అచ్చు వాక్యం కింద, నీలం సిరాతో బారీ హెప్‌వర్త్ సంతకం ఉంది. తేదీ కూడా వేశాడు. గార్‌సైడ్ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, మిగతా పేజీల పక్కన పెట్టి చూశాడు. అన్నీ ఒకే చేతివి.

"తన మెడకి తనే ఉరి బిగించుకునే కాగితం మీద ఎవడైనా సంతకం పెడతాడా అమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"చదివి సంతకం పెట్టే అలవాటే వాడికుంటే సార్, క్లిఫ్ వేళ్లు ఇవాళ్టికీ చేతికే ఉండేవి."