రెండో వైపు చివర

"ఈ రికార్డు చివర ఎవరో నిద్రపోతున్నారండీ," అంది ఎనిడ్, ఎర్ర చీటీ అంటించిన రికార్డును బల్ల మీద ముందుకు జరుపుతూ.

సూపర్‌వైజర్ పిక్‌ఫర్డ్ టీకప్పు దించాడు. "నిద్రపోతున్నారా?"

"రెండో వైపు, ఆఖరి పాట అయిపోయాక. మెల్లగా ఊపిరి తీసి వదులుతున్నారు. ఐదు కాపీలు విన్నాను. అన్నిట్లోనూ అక్కడే ఉంది."

"పక్క గదిలో వినే మేవిస్ కూడా వింది. నేనూ విన్నాను. మాకేం వినపడలేదు. నీ ఎర్ర చీటీకి పదివేల రికార్డులు కరిగించాలి. శుక్రవారానికి దుకాణాల్లో ఉండాల్సిన సరుకు."

రికార్డులు అచ్చువేసే ఆ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా ఎనిడ్ పని వినడమే, లోపమున్న వాటికి ఎర్ర చీటీ అంటించడమే. మందపాటి గుడ్డ పరిచిన గోడల మధ్య చిన్న గది, ఒక దీపం, ఒక కుర్చీ. అచ్చు యంత్రాల రొద అక్కడికి చేరదు.

"చెవులకూ వయసొస్తుందమ్మా," అన్నాడు పిక్‌ఫర్డ్ కాస్త మెత్తబడి. "ఈ పాటలు చేసిన బ్యాండ్ కుర్రాణ్ని రమ్మన్నాను. అతను కూడా ఏం లేదంటే సోమవారం నుంచి నువ్వు ప్యాకింగ్‌లోకి."

మధ్యాహ్నం వానలో తడుస్తూ వచ్చాడు నైజెల్. న్యూ వేవ్ అనే కొత్త తరహా పాటల ఆ బ్యాండ్‌లో సింథసైజర్ అనే కరెంటు వాద్యం వాయించేది అతనే. జుట్టు ఒక కంటిని కప్పేసింది. రెండో కంటికి నిండా కాటుక.

"మా ఆవిడ పెళ్లిరోజున కూడా అంత పెట్టలేదు," అని గొణిగాడు పిక్‌ఫర్డ్.

"సగం వానకి కారిపోయిందండీ," అన్నాడు నైజెల్ మర్యాదగా.

ముగ్గురూ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఎనిడ్ ముల్లును ఆఖరి పాట మీదికి దించింది.

నది మీద పొగమంచు పరుచుకున్నట్టు సింథసైజర్ మొదలైంది. ఎక్కడో దూరాన రైలు వంతెన దాటుతున్నట్టు డ్రమ్ము. కిటికీ అద్దం అవతల నిలబడి ఎవరో తనతోనే చెబుతున్నట్టు గొంతు. ఎనిడ్ కళ్లు మూసుకుంది. కుర్చీ నేల మీంచి లేచి ఎటో తేలిపోతున్నట్టుంది. పాట అయిపోయింది. మిగిలిన ఒక్క స్వరం సన్నబడి, ఇంకా సన్నబడి, అణిగిపోయింది.

అప్పుడు ఒక ఊపిరి లోపలికి వెళ్లింది. తాపీగా బయటికొచ్చింది.

ఎనిడ్ కళ్లు తెరిచి నైజెల్ వైపు చూసింది. అతని మొహంలో రంగు లేదు.

"ఏమయ్యా, ఉందా?" అడిగాడు పిక్‌ఫర్డ్.

నైజెల్ గుండ్రంగా తిరుగుతున్న రికార్డునే చూస్తూ కూర్చున్నాడు.

"ఉందండీ," అన్నాడు చివరికి. "మా చెల్లెలు. స్టూడియోలో సోఫా మీద నిద్రపోయింది. బాగుందని అలాగే ఉంచేశాం. మీకు రాసి పంపడం మరిచిపోయాం."

పిక్‌ఫర్డ్ నిట్టూర్చి ఎర్ర చీటీ పీకేశాడు. "మా కాలంలో పాటలు వినేవాళ్లు నిద్రపోయేవాళ్లు. ఇప్పుడు పాటల్లోనే నిద్రపోతున్నారన్నమాట." తలుపు దగ్గర ఆగి, "సరేలే ఎనిడ్, నీ గదిలో నువ్వుండు," అని వెళ్లిపోయాడు.

ఎనిడ్ ఫ్లాస్కులోంచి టీ వంచి నైజెల్ ముందు పెట్టింది.

"ఎంత హాయిగా పడుకుందో పిల్ల. పేరేంటి బాబూ?"

నైజెల్ టీ ముట్టుకోలేదు. తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు.

"నాకు చెల్లెలు లేదండీ. రికార్డులన్నీ కరిగించేస్తారని అలా చెప్పాను," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ చివరి స్వరం రికార్డు చేసినప్పుడు స్టూడియోలో నేనొక్కణ్నే ఉన్నాను. ఆ స్వరం పూర్తిగా అణిగి, టేపు ఆగేదాకా ఊపిరి బిగబట్టే కూర్చున్నాను."