పదకొండో ప్రశ్న

"ఆ మూల కుర్చీలో ఎవరావిడ?"

పిల్లల మానసిక వైద్య కేంద్రం డైరెక్టరు గారు వెయిటింగ్ హాల్లో అడుగుపెట్టి ఆరు నెలలైంది. ఇవాళైనా వచ్చారంటే, గ్రాంటు ఇచ్చే కమిటీ వస్తోంది కాబట్టి.

అక్కడ ఒక్క డాక్టరు, నాలుగొందల మంది పిల్లలు. పొద్దున వచ్చినవాళ్లకి సాయంత్రానికీ వంతు రాదు, మళ్లీ రేపు రమ్మంటారు. గ్రాంటు వస్తే ఇంకో ఇద్దరు డాక్టర్లు వస్తారు.

"రోజూ వస్తుంది సార్," అంది రిసెప్షన్ అమ్మాయి.

"పిల్లాడేడీ?"

"లేడు సార్. ఊరికే కూర్చుంటుంది. పిల్లలు ఆవిడ పక్కన చేరి..."

"పిల్లాడు లేకుండా ఇక్కడేం పని? ఏసీ గాలి కోసమా?"

తన జోకుకి తనే నవ్వుకున్నారు. పాపం, వేరే ఎవరూ నవ్వరు మరి.

ఆవిడ ఒళ్లో రంగు పెన్సిళ్లు, కాలికి తెగిన చెప్పు. పక్కన ఒక పాప, మోకాళ్లలో తల దూర్చుకుని. ఆవిడ ఏమీ అడగడం లేదు, కాగితం మీద ఏవో గీతలు గీసుకుంటోంది. కాసేపటికి పాప తలెత్తింది. ఆకుపచ్చ పెన్సిల్ లాక్కుంది.

డైరెక్టరు గారి కంటికి ఆనింది మాత్రం ఆ తెగిన చెప్పు.

"లే అమ్మా, లే. పెద్దవాళ్లు వస్తున్నారు."

"ఈ పాప వంతు వచ్చేదాకా ఉండనివ్వండి బాబూ. ఇప్పుడే తలెత్తింది."

"నువ్వేమన్నా డాక్టరువా? సెక్యూరిటీ!"

ఆవిడ పెన్సిళ్లు పాప చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పాప తల మళ్లీ మోకాళ్లలోకి పోయింది.

ఖాళీ అయిన కుర్చీలో పూలకుండీ పెట్టించారు డైరెక్టరు గారు. ఫొటోల్లో బాగుంటుందట!

కమిటీ పెద్దాయన ఆ కుండీనీ చూడలేదు, గోడలకేసిన కొత్త రంగునీ చూడలేదు.

"నూట పన్నెండు దరఖాస్తులు వచ్చాయండీ. పదకొండో ప్రశ్నకి మీ జవాబు చదివే ఇంతదూరం వచ్చాం."

డైరెక్టరు గారు గర్వంగా తలూపారు. ఆ ప్రశ్నేంటో, జవాబేంటో తెలిస్తే ఒట్టు. దరఖాస్తు నింపింది రిసెప్షన్ అమ్మాయి. ఈయన చేసిందల్లా చదవకుండా సంతకం గిలకడం.

పెద్దాయన కాగితం తీసి చదివారు.

"వంతు వచ్చేదాకా పిల్లల్ని ఎవరు చూసుకుంటారు? అదీ ప్రశ్న. మీరేం రాశారంటే, 'ఒకావిడ పక్కన కూర్చుంటుంది. డాక్టరు ముందు నోరు విప్పని పిల్లలు ఆవిడతో మాట్లాడతారు' అని. డాక్టర్లతో పాటు, ఆవిడ చేత పదిమందికి ఆ పని నేర్పిస్తారనే గ్రాంటు మీకిద్దామనుకున్నాం. ఏరండీ ఆవిడ?"

"ఆవిడ... ఇవాళ... సెలవు," డైరెక్టరు గారు నీళ్లు నమిలారు.

"పోనీ ఫోన్ చెయ్యండి. పేరేంటి?"

పేరు ఎవరడిగారు గనక! డైరెక్టరు గారు రిసెప్షన్ వైపు గుడ్లురిమారు.

పెద్దాయనకి అర్థమైపోయింది. కాగితం మడిచి, ఫైల్లో పెట్టుకుని లేచారు.

"చూస్తావేం? చెప్పు! ఆవిడ పేరు రిజిస్టర్లో లేదూ?" డైరెక్టరు గారు అరిచారు.

"ఆవిడ పేరు లేదు సార్, కొడుకు పేరుంది," అంది రిసెప్షన్ అమ్మాయి. "రెండేళ్ల కిందట తొమ్మిది రోజులు వంతు రాక రేపు రమ్మని పంపాం, పదో రోజు నుంచీ ఆవిడొక్కతే వస్తోంది."