తెరవ్వ కొరికిన మామిడికాయ

భద్రాచలం దగ్గరి ఆ కాలేజీలో ఆదివాసీ సంస్కృతి పాఠాలు చెప్పేది ఇప్పుడు తెరవ్వే. అన్ని కాలేజీల్లోలాగే ఈ యంత్రపు అవ్వ గోడమీది తెరలో కూర్చుని పాఠం చెబుతుంది, పేపర్లూ తనే దిద్దుతుంది. లెక్చరర్ సోడె నాగమణికి మిగిలింది హాజరు వేయడమే.

అయినా ఆమె పిల్లల్ని ఇళ్లకు పంపి, పెద్దవాళ్లను అడిగి రాయమనేది. "కొత్త కాపుకు చేసే కొత్తల పండుగలో చనిపోయిన పెద్దలకు పెట్టనిదే కోయవాళ్లు మామిడికాయ ముట్టరు" అని పిల్లలు విన్నది విన్నట్టే రాశారు. తెరవ్వ అందరికీ సున్నా చుట్టింది. తను ఎంచక్కా మామిడికాయ కొరుకుతూ, "మేం ఎప్పుడైనా తింటాం" అంది. తెరవ్వను తయారుచేసిన కంపెనీకి నాగమణి ఫిర్యాదు పెడితే, "ఆధారం: కోయ పెద్ద కుంజా ఎర్రమ్మ" అని జవాబొచ్చింది.

నాగమణికి ఒళ్లు మండిపోయింది. మర్నాడే ఆ ఎర్రమ్మను ఆటోలో తీసుకొచ్చి క్లాసులో కూర్చోబెట్టింది.

తెరమీద తన ముఖమే మామిడికాయ కొరుకుతుంటే ముసలమ్మ బిత్తరపోయింది. "ఫొటో అంటే కూసున్నా గాని, నేనెప్పుడు తిన్న బిడ్డా? పండుగ కాకముందు ముట్టనే ముట్టను!"

"క్షమించాలి," అంది తెరవ్వ తియ్యగా. "ఎర్రమ్మగారు చెప్పినదాని ప్రకారం మీ జవాబు తప్పు."

ఎర్రమ్మ తెరకేసి వేలు చూపిస్తూ లేచింది. "నా మొకంతోటి తిన్నది గదా! ఇప్పుడు పెద్దల ముందర తప్పు దండుగ ఎవరు కట్టాలె? నేనా, అదా?"

నాగమణి తెర ప్లగ్గు పీకేసింది. సుద్దముక్క తీసుకుని ఆ ప్రశ్నే బోర్డుమీద రాసింది.

"జవాబు రాసి, అవ్వకు చదివి వినిపించండి," అంది పిల్లలతో. "మార్కులు ఆమె వేస్తుంది."